తడవని అక్షరాలు

గోవన్‌హిల్‌లో మా అచ్చుకొట్టు షట్టరు
సగమే లేస్తుంది.
ఎంతటివాళ్లైనా తల వంచి రావాల్సిందే.

ఎల్స్‌పెత్ మెక్‌కారిక్ తల వంచే వచ్చింది
గురువారం, గ్లాస్గో వానని వెంటబెట్టుకుని.
చేతి తొడుగులు ఒక్కో వేలూ విప్పుతూ
"రెండు వందల ప్లకార్డులు, శనివారానికి" అంది.
రాయాల్సింది కాగితం మీద తెచ్చింది:
తలదాచుకునే చోటు దయ కాదు, హక్కు.

మంచి వాక్యం.
నలభై ఏళ్లుగా నినాదాలు అచ్చేస్తున్నవాణ్ణి,
ఏది గాల్లో నిలబడుతుందో, ఏది నోట్లోనే నలిగిపోతుందో
నా చెవికి తెలుస్తుంది.
ఎరుపా, నలుపా? అన్నాను.
ఎరుపైతే ఫొటోల్లో బాగా పడుతుందంది.
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి
"వానకి తడవకూడదు సుమండీ,
పైన ప్లాస్టిక్ పొర వేయించండి, ఎంతైనా సరే."

లోపల సిరా కలుపుతున్న ఇవెటా
ఆర్డరు కాగితం మీద పేరు చూసింది.
ఆ పేరు ఆమెకి తెలుసు.
ఏజెన్సీ పంపే అద్దె రసీదులో, అట్టడుగున
చీమలంత అక్షరాల్లో ఉండే పేరు.
మూడో అంతస్తు. వంటగది కప్పు
నవంబరు నుంచి కారుతోంది.
పదకొండు ఉత్తరాలు రాస్తే ఒక్క జవాబు:
మీ ఓపికకు ధన్యవాదాలు.

ఇవెటా నావైపు చూసింది.
నేను అడ్వాన్సు లెక్కపెడుతున్నాను.
ఒకసారి సరిపోయింది,
అయినా మళ్లీ లెక్కపెట్టాను.

పన్నెండు పాడయ్యాయి. ఎక్కడో ఒక అక్షరం జారిపోయింది,
పొర వేశాక గానీ చూసుకోలేదు.
"పారేసేవేగా?" అంది.
తీసుకుపో అన్నాను,
పిల్లలు వెనకవైపు బొమ్మలేసుకుంటారు కాబోలనుకుని.

శనివారం జార్జ్ స్క్వేర్‌కి నేనూ వెళ్లాను,
నా ఎరుపు ఎలా నిలబడిందో చూద్దామని.
నిలబడింది.
ఎల్స్‌పెత్ మెట్లెక్కి మాట్లాడింది,
చెమ్మగోడల మధ్య రాత్రంతా దగ్గే పసివాళ్ల గురించి.
గొంతు పూడుకుపోయింది. కళ్లు తుడుచుకుంది.
ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను.
ఉల్లిపాయ కోసినా వచ్చేవి నిజం కన్నీళ్లే.
అందరం చప్పట్లు కొట్టాం.
తడిసిన ఉన్ని తొడుగులు కదా,
పెద్దగా చప్పుడు రాలేదు.

మంగళవారం ఇవెటా జీతం పట్టుకుని
వాళ్లింటి మెట్లెక్కాను.
రెండు వారాలు ఆలస్యమైన జీతం. నా మోకాళ్లు నొప్పని చెప్పాను,
అడగకుండానే.
వంటగదిలో పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.
తలెత్తితే, కప్పంతా ఎరుపు:
పన్నెండు ప్లకార్డులు, పెంకుల్లా ఒకదానిమీదొకటి,
వాలుగా మేకులు దిగ్గొట్టి.
నీళ్లు నినాదం వీపు మీదుగా జారి
మూలనున్న బాల్చీలో పడుతున్నాయి
నింపాదిగా, బాధ్యతగా.

"మీ ప్లాస్టిక్ మంచిదండీ" అంది ఇవెటా.
"చుక్క దిగట్లేదు.
ఆవిడ మళ్లీ వస్తే నా మాటగా చెప్పండి."

వచ్చింది. ఫిబ్రవరిలో.
నేనేం చెప్పలేదు.
పాత ఖాతా, రొక్కమిచ్చే మనిషి.
ఈసారి మూడు వందలు, హోటలు పనివాళ్ల ఊరేగింపుకి:
చేసిన పనికి చెప్పిన రోజుకే జీతం.

ఇదీ మంచి వాక్యమే.
ఇవెటా చట్రం బిగించి, అక్షరాలు సరిచూసి,
ఈసారి ఒక్కటీ జారకుండా చూసి,
మొదటి కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.
సిరా ఇంకా ఆరలేదు.
"దీనికీ పొర వేయాలా?" అంది
కాగితం మీదుగా నన్నే చూస్తూ.

నలభై ఏళ్లుగా నినాదాలు అచ్చేస్తున్నవాణ్ణి,
నోటికి చప్పున మాట అందలేదు.